చిల్లుల కవరు

మొన్న నర్సీపట్నంలో ఒక బేకరీ దగ్గర ఆగి బన్నులు కొన్నాను. కౌంటర్లో అమ్మాయి "కవర్ కావాలా మేడం?" అని అడిగితే కావాలన్నాను. నా వెంట వచ్చిన మనిషి ఆ కవరు అందుకుని, అడుగున బొటనవేలి గోరుతో ఒక చిల్లు పెట్టి, ఆ తర్వాత బన్నులు అందులో వేసుకున్నాడు. ఆ అమ్మాయి మమ్మల్ని వింతగా చూసింది. నాకైతే రోడ్డు మీదే ఏడుపు తన్నుకొచ్చింది. ఆ చిల్లు పెట్టే అలవాటు ఆయనది కాదు, చనిపోయిన తన భార్యది.

ఆమె పేరు ఇక్కడ రాయను. వాళ్ల గూడెంలో ఒక ఆచారం ఉంది. మనిషి పోయాక దినం రోజున కొత్త కుండలో కూడు పెట్టి, ఊరి చివర వదిలి, వెనక్కి తిరగకుండా వచ్చేస్తారు. కుండ పెట్టాక ఆ పేరు మళ్లీ ఎవరూ పలకరు. పలికితే పోయినవాళ్ల కాళ్లు దారిలోనే ఆగిపోతాయట. నాకు ఇవన్నీ నమ్మకమా అంటే, సూదులు పొడిచి బతికే నర్సుని, కాదనే చెప్పాలి. అయినా రాయను. ఆమె చివరి రోజులన్నీ ఆ కుండతోనే పోట్లాడింది.

నేను మైదానం మనిషిని. గూడెం కొత్తవీధి మండలంలో, ఒక కాఫీ నర్సరీ పక్కనున్న సబ్‌సెంటర్‌లో ఏళ్ల తరబడి పడి ఉన్నాను. ఆమె ఆ నర్సరీలో కవర్లు నింపేది. అడవి మట్టి, పెంట, ఇసుక కలిపి నల్లటి ప్లాస్టిక్ కవర్లలో నింపి, వరసలుగా పేర్చి, ఒక్కో దాంట్లో ఒక్కో కాఫీ మొలక పెడతారు. నింపే ముందు ప్రతి కవరుకీ అడుగున చిల్లులు పెట్టాలి. లేకపోతే వాన నీళ్లు నిలిచిపోయి వేరు కుళ్లిపోతుంది. అదే పని చేసీ చేసీ ఆమె చేతికి ఒక తెగులు పట్టుకుంది. ఏ కవరు చేతికిచ్చినా అడుగున గోరు దిగిపోయేది. నేను మాత్రలు వేసిచ్చిన కవరుకి చిల్లు. ఉప్పు కవరుకి చిల్లు. ఒకసారి నా కోసం సంత నుంచి పంచదార తెచ్చిపెట్టింది. సగం దారి పొడుగునా చీమలకి పోసి, మిగిలిన సగం నాకిచ్చింది. నేను తిడుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "సెయ్యి నా మాట ఇనదు సిస్టరమ్మా" అని నవ్వింది.

నేను ఆమెని "అప్పా" అనేదాన్ని. మా వైపు అక్కని అలాగే పిలుస్తారు. ఆ వరసలో ఆమె మొగుణ్ణి "బావా" అనేదాన్ని. ఆయన దానికి ప్రతిసారీ సిగ్గుపడి తలపాగా సర్దుకునేవాడు.

కవర్ అనే మాట మీద మా ఇద్దరికీ మొదటి రోజే తగువు. అప్పుడామెకి జ్వరం. మాత్ర ఇచ్చి నీళ్ల గ్లాసిచ్చాను. గటగటా తాగి, మింగేశానంది. అంతలోనే కొప్పులోంచి మాత్ర జారి నా కాళ్ల దగ్గర పడింది.

"నా దగ్గర కవర్ చెయ్యకప్పా" అన్నాను కోపంగా.

ఆమె అటూ ఇటూ చూసింది. "కవరేదీ?"

"ఆ కవరు కాదు. కవర్ చెయ్యడమంటే దాచడం. తప్పు బయటపడకుండా కప్పిపుచ్చడం."

"తప్పు సెప్తన్నావు" అంది, మాత్ర సంగతి వదిలేసి. "కవర్లో ఏటి దాత్తాం? మొక్కెట్టి పెంచుతాం. దాసీది కాదది."

"అది ఇంగ్లీషు మాటప్పా. అర్థం అదే."

"ఇంగ్లీసోడు ఏనాడైనా కవర్లో మొక్కెట్టినాడేటి?"

చచ్చినట్టు ఇంకో మాత్ర తీసి, నోరు తెరిపించి, గొంతులో వేశాను.

ఆ రోజు నుంచి ఆ మాట ఆమెకి ఆటవస్తువైపోయింది. నేను ఫోనుకి కొత్త కవరు వేస్తే "దీనికి సిల్లేదీ" అనేది. నా మెళ్లో గొలుసు బంగారం కాదు, కవరింగ్ అని చెబితే గొలుసుని తిప్పి తిప్పి చూసి, "అయితే లోపల ఏటి పెరుగుతాది?" అని అడిగింది. ఒకసారి ఏదో ఇళ్ల సర్వే అంటూ ఒకతను వచ్చాడు. మా అరుగు మీద కూర్చుని టీ తాగాడు, వాళ్ల గూడెం ఎక్కాల్సిన కొండ వైపు ఒక చూపు చూశాడు, "మీ ఊరు కవర్ అయిపోయిందమ్మా" అనేసి లేచాడు. ఆమె అతని వెనకాలే నడిచింది. "కవర్ సేసీసినారా బాబూ? మరి సిల్లెట్టినారా? నేకపోతే లోపలోళ్లకి ఊపిరాడదు" అంది. అతను పిచ్చిదనుకుని గబగబా బండెక్కాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను. ఆమె మాత్రం నవ్వలేదు.

ఆమెకి ఒక్కతే కూతురు, వాళ్ల మాటలో గుంట. నర్సరీ పందిరి నీడలో, కవర్ల వరసల మధ్యే పెరిగింది. గోళ్లు గట్టిపడక ముందే పుల్ల పట్టుకుని తల్లి పక్కన కూర్చుని చిల్లులు పెట్టేది. తర్వాత తల్లి తెగులే కూతురికీ అంటుకుంది. నా దగ్గరికి టీకాకి వచ్చి, నేనిచ్చిన బిస్కెట్ల కవరుకి చిల్లు పెట్టి మరీ తీసుకెళ్లేది. పదో తరగతి తప్పి, రెండేళ్లు ఇంట్లో ఉన్నాక, కింద సముద్రం వైపు రొయ్యల కంపెనీలో పనికని చుట్టుపక్కల గూడేల ఆడపిల్లలతో కలిసి జీపెక్కింది. తండ్రికి ఇష్టం లేదు. "ఎల్తే నాతో మాటాడకు" అన్నాడు. కోపంలో ఏ తండ్రయినా అనే మాటే. ఆ పిల్ల దాన్ని పట్టుకుంది. తండ్రి కూడా పంతానికి పోయాడు.

సబ్‌సెంటర్ వెనక ఒక బండ ఉంది. మా దగ్గర సిగ్నల్ వచ్చేది దాని మీద ఒక్కచోటే. మొదట్లో ప్రతి సంత రోజూ తల్లి ఆ బండెక్కి కూతురితో మాట్లాడేది. బావ కింద కావడి దించుకుని, మొహం అటు తిప్పుకుని నిలబడేవాడు. ఫోను తీసుకునేవాడు కాదు. ఆమె దిగి రాగానే ఒకే ఒక్క మాట అడిగేవాడు.

"తిన్నాదంటా?"

"తిన్నాదంట."

కావడి ఎత్తుకుని నడిచేవాడు.

కొన్నాళ్లకి ఆ పిల్ల ఫోను ఎత్తడం మానేసింది. "మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం కవరేజ్ ఏరియాలో లేదు" అని వచ్చేది. ఆ గొంతు ఎవరిదో నిజం అమ్మాయిదే అనుకుని ఆమె మొదట్లో మర్యాదగా బతిమాలేది. "నా గుంట వత్తే ఒక్కపాలి సెప్పమ్మా" అనేది. అది మిషనని నేను చెప్పాక కూడా, ఫోను పెట్టేసే ముందు "ఉంటానమ్మా" అనకుండా పెట్టేది కాదు. కిందికి దిగి బావకి ఏం చెప్పేదో అప్పట్లో నేను పట్టించుకోలేదు.

"కవరేజంటే మన కవరేనా?" అని నన్నడిగింది.

"ఇంచుమించు అదే. సిగ్నల్ అందే చోటు. అమ్మాయి దాని బయట ఉందట."

"మొక్కని కవర్లోంచి ఎప్పుడు తీత్తాం సిస్టరమ్మా? నాటీసినప్పుడే కదా. అయితే నా గుంటకి ఎక్కడో నేల దొరికీసినట్టే." ఆ మాటన్నప్పుడు ఆమె మొహంలో వెలుగు చూసి నేను నోరు మూసుకున్నాను. ఆ వానాకాలమంతా ఆమె ఆ ముక్క మీదే బతికింది.

వానలు తగ్గాక, జీపెక్కి వెళ్లినవాళ్లలో పక్క గూడెం పిల్ల ఒకతె జబ్బుపడి తిరిగొచ్చింది. అందరూ కలిసే వెళ్లారు గానీ, తర్వాత వేరే వేరే చోట్లకి పంపేశారని, ఎవరు ఎక్కడున్నారో తెలీదని చెప్పింది. ఎక్కడో ఒక పిల్ల చనిపోయిందని విన్నానంది. ఎవరో మాత్రం చెప్పలేకపోయింది. అదే నెలలో గూడెంలో పిల్లలకి వరసగా జ్వరాలొచ్చాయి. కుండ పెట్టని చావు ఒకటి ఊళ్లో తిరుగుతోందని పెద్దలు అన్నారు. మీ గుంటకి కుండ పెట్టెయ్యండని బావని కూర్చోబెట్టి చెప్పారు.

"కుండేటి? నాను మొన్న సంతకి మాటాడినాను" అని ఆమె అందరి ముందూ అనేసింది.

ఆ తర్వాతి సంత రోజు నేను బండ పక్కన తీగ మీద బట్టలు ఆరేస్తున్నాను. ఆమె బండెక్కి ఫోను చెవికి గట్టిగా నొక్కుకుంది. కవరేజ్ ఏరియాలో లేదని ఆ గొంతు చెప్పడం నాకు సన్నగా వినిపిస్తూనే ఉంది. దాని మీద ఆమె గట్టిగా మాట్లాడుతోంది. "ఆఁ... తిన్నావా? ఏటి కూర? సేపలా? ముల్లు సూసుకో. బేగి తినీకు... ఆఁ, అయ్య బాగున్నాడు. ఇక్కడే ఉన్నాడు. ఆఁ." నవ్వింది కూడా. కింద బావ అటు తిరిగే నిలబడ్డాడు. మెడ మాత్రం బండ వైపు వాలి ఉంది.

ఆమె దిగింది.

"తిన్నాదంటా?"

"తిన్నాదంట. సేపల కూరంట."

ఆయన తల ఊపి, ఆ రోజు కావడి కాస్త హుషారుగా ఎత్తుకున్నాడు.

ఆయన కాస్త ముందుకు పోగానే ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. "ఏంటప్పా ఇది?"

"కవర్ సేత్తన్నాను సిస్టరమ్మా. నువ్వే కదా నేర్పినావు."

నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే నేను మా చుట్టాలబ్బాయిని ఆ కంపెనీ దాకా పంపి కనుక్కున్నాను. ఆ పిల్లలంతా ఎప్పుడో వేరే రాష్ట్రం వెళ్లిపోయారు, మాకు తెలీదు అని గేటు దగ్గరే పంపేశారు. పోలీసు స్టేషన్‌లో తెలిసినాయన్ని అడిగితే తండ్రినో తల్లినో తీసుకురమ్మన్నాడు. ఈమె స్టేషన్ మెట్లెక్కితే సాయంత్రానికల్లా ఊరంతా తెలిసిపోతుంది. అందుకని రానంటే రానంది.

"నువ్విలా కప్పిపెట్టుకుని కూర్చుంటే ఆ పిల్లని వెతికేదెవరు?" అని అరిచాను. "ఫోన్లు చేస్తోందని నువ్వే చెబుతుంటే, తప్పిపోయిందని ఎవరనుకుంటారు?"

"తెలిస్తే కుండెట్టీత్తారు" అంది. "కుండెట్టీసినాక నా గుంట రేపొద్దున్న వచ్చినా, పేరెట్టి పిలిసీవోళ్లు ఉండరు. పేరు నేని మనిసి ఏ గుమ్మంలోకి వత్తాది, సెప్పు?"

"అందుకని దాచేస్తావా?"

"దాయనేదు. పెంచుతన్నాను." నా చెయ్యి వదల్లేదు. ఆమె గోళ్ల సందుల్లో నర్సరీ మట్టి నల్లగా కనిపిస్తోంది. "దాసీసీదాన్నయితే నీకెందుకు సెప్తాను? నువ్వు నా కవర్‌కి సిల్లువి సిస్టరమ్మా. నువ్వు నేకపోతే ఈపాటికి నాను కుళ్లిపోదును."

ఇంత మాటన్నాక మనిషినేం తిట్టను. ఇంటికి తీసుకెళ్లి అన్నం పెట్టాను. తినలేకపోయింది.

చలికాలంలో ఆ గొంతు మాట మార్చింది. ఆమె బండ మీంచి పరుగున వచ్చి ఫోను నా చెవి దగ్గర పెట్టింది. "ఈ గుంట కవర్ మాట మానీసింది. ఇంకేటో అంతన్నాది. సూడు."

విన్నాను. "మీరు డయల్ చేసిన నంబరు మనుగడలో లేదు."

"మనుగడంటే ఏటి?" అని అడిగింది.

ఇంగ్లీషు మాటని అంత సొంతం చేసుకున్న మనిషికి ఈ తెలుగు మాట తెలీదు. వాళ్ల గూడెంలో ఎవరూ ఆ మాట అనరు. మనుగడంటే బతకడం. ఆ ముక్క నా నోటితో ఎలా చెప్పేది? నంబరు తీసేశారప్పా, నంబరే, మనిషి కాదు, అన్నాను. మనిషి కాదని మళ్లీ మళ్లీ అన్నాను. ఆమె తల ఊపింది. ఊపి, మళ్లీ బండెక్కి, ఆ లేని నంబరుతోనే కోడిగుడ్డు కూర గురించి మాట్లాడింది. బావ కింద ఎదురుచూస్తున్నాడు కదా.

అప్పటికే ఆమెని దగ్గు పట్టుకుంది. నేను చెవి ఆనించి చూస్తే ఒకవైపు ఊపిరే వినపడలేదు. నీరు పట్టింది, తీయించాలి, విశాఖ పెద్దాసుపత్రిలో చేరాలి అన్నాను. ఈ సంత అయ్యాక అంది. ఆ సంత అయ్యాక వచ్చే సంత అంది. కోప్పడ్డాను, బతిమాలాను, కాళ్లు పట్టుకుంటానన్నాను. అంబులెన్సుని రోడ్డు దాకా రప్పించి, డోలీ మోసేవాళ్లని కూడా పంపాను. వాళ్లు వట్టి డోలీతో దిగొచ్చారు.

తర్వాత నేనే కొండెక్కి వెళ్లాను. చాప మీద కూర్చుని ఎగశ్వాస పడుతోంది. పడుకుంటే ఊపిరాడటం లేదు.

"నాను నేకపోతే సంతకి ఫోను ఆడు సేత్తాడు సిస్టరమ్మా" అంది. ఆ ఒక్క మాటకే మూడుసార్లు ఆగింది. "ఆ మిసను మాట మీ బావ ఇనీత్తాడు."

రాత్రికి మనిషి పోయింది. దినం ఇంకా ముందుండగానే, ఆ వారం సంతకి బావ ఒక్కడే వచ్చాడు. కావడి లేదు. బండ దగ్గరికి వెళ్లకుండా నేరుగా నా గుమ్మంలోకొచ్చి, ఫోను తీశాడు. వానకి తడవకుండా ఆమె దాన్ని ఒక కవర్లో పెట్టుకునేది. ఆ కవరుకీ అడుగున చిల్లే.

"గుంటకి సెప్పాలి సిస్టరమ్మా" అన్నాడు. "అమ్మ పోనాదని సెప్పాలి. నాతో మాటాడదు, నువ్వు సెప్పు. దినానికి రమ్మను. అయ్య ఏటీ అనడు, బేగి రమ్మన్నాడని సెప్పు."

నేను ఆయనతో పాటు బండెక్కాను. నంబరు నొక్కి, స్పీకర్ పెట్టాను. ఆ గొంతు చెప్పాల్సింది చెప్పింది.

"ఏటంతాది? మనుగడంటే ఏటి సిస్టరమ్మా?"

కవరేజ్ లేదట బావా, మళ్లీ చేద్దాం, అనడానికి నోరు తెరిచాను. ఎంత తేలికైన మాట! దినానికి రమ్మని వచ్చే సంతకి మళ్లీ అడుగుతాడు, ఆపై సంతకి మళ్లీ అడుగుతాడు. అప్పుడు తట్టింది. ఎవరికీ చెప్పొద్దని ఆమె నాతో ఏనాడూ ఒట్టు వేయించుకోలేదు. చిల్లువి అంది. నీళ్లు బయటికి పోవడానికే కదా చిల్లు. అక్కడే కూర్చోబెట్టి మొత్తం చెప్పాను.

ఆయన అరవలేదు. ఫోను మళ్లీ ఆ చిల్లు కవర్లో పెట్టాడు.

"అయితే ఆ కూరలన్నీ నా ఆడదే వండిందేటి" అన్నాడు. "ఒకపాలి కోడిగుడ్డన్నాది. నాను ఎంత సంబరపడిపోనానో." తలపాగా తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఏడుపు మళ్లీ వినే శక్తి నాకు లేదు.

పెద్దలకి ఆయనే చెప్పాడు. రెండు కుండలు తెమ్మన్నారు. దినానికి నేను వెళ్లాను. ఆయన ఒక్కటే తెచ్చాడు. రెండోదేదని ఒక ముసలాయన గదమాయిస్తే, "గుంట కవర్లో నేదు, అంతే. సచ్చిపోనాదని ఎవులూ సెప్పనేదు" అన్నాడు. జ్వరాలొస్తే నీదే పాపం అన్నారు. నాదే అన్నాడు. ఆ ఒక్క కుండా పెట్టి, వెనక్కి చూడకుండా వచ్చాడు.

మొన్న నర్సీపట్నం వెళ్లింది ఆ పిల్ల కోసమే. ఇన్నాళ్లూ ఏం చేశారని స్టేషన్‌లో అడిగారు. బళ్లో తీయించిన చిన్నప్పటి ఫోటో తప్ప మా దగ్గర ఇంకోటి లేదు. వెతుకుతామన్నారు. బయటికొచ్చాక ఆయనకి కళ్లు తిరుగుతుంటే బేకరీకి తీసుకెళ్లాను. అప్పుడే ఆ చిల్లు. ఎందుకు బావా అంటే, ఇప్పుడు సెయ్యి అలాగే పోతన్నాది అన్నాడు.

నాకింక చేతనైంది లేదు. మీరు సముద్రం ఒడ్డున ఉండొచ్చు, ఇంకెక్కడో ఉండొచ్చు. రొయ్యలు ఒలిచే చోట, అంట్లు తోమే చోట, ఏ బస్టాండులోనైనా సరే, ఒక చామనచాయ పిల్ల కవరు చేతికివ్వగానే అడుగున గోరుతో చిల్లు పెడితే, దయచేసి ఒక్కసారి పేరుతో పిలవండి.

మంగ. ఆ పేరు పలకొచ్చు. కుండ పెట్టలేదు.